నోట్సు రాసే చేతిలో ప్లకార్డు ఎందుకు?

థెరపీ గదిలో కూర్చున్న ఆవిడ ఫోన్ బ్యాగులో పెట్టలేదు. ఒళ్లోనే, స్క్రీన్ కనపడేలా పెట్టుకుంది. అయిదు నిమిషాలకోసారి అది వెలుగుతోంది. "ఎక్కడున్నావ్?" కాసేపాగి "ఎవరితో?" ఇంకాసేపాగి "గోడ మీద గడియారం ఫోటో తీసి పంపు." ఆవిడ సారీ అన్నట్టు చిన్నగా నవ్వి, ఫోటో పంపేసి, మళ్లీ మాటల్లో పడింది. తను వచ్చింది నిద్ర పట్టట్లేదని. ఇంట్లో ఎవరూ కొట్టరని, గదిలోకి వచ్చిన పది నిమిషాల్లోనే రెండుసార్లు చెప్పింది, ఎవరూ అడక్కుండానే.

(ఈవిడ నేను కల్పించిన మనిషి. ఎందుకు కల్పించాల్సొచ్చిందో చివర్లో చెప్తాను, ఈ వ్యవహారంలో అదీ ఒక చిక్కే.)

ఎదురుగా ఉన్న సైకోథెరపిస్టు ఇప్పుడేం చెయ్యాలి? నిద్ర కోసం వచ్చిన మనిషికి నిద్ర గురించి చెప్పొచ్చు. ఊపిరి మీద ధ్యాస పెట్టడం, పడుకునే వేళ మార్చుకోవడం, బుర్రలో తిరిగే ఆలోచనల్ని కాగితం మీద పెట్టడం, ఇవన్నీ పనికొచ్చే పద్ధతులే. కాకపోతే తలుపు తీసిన చప్పుడుని బట్టి ఇంటాయన మూడ్ ఎలా ఉందో లెక్కేసుకునే మనిషికి నిద్ర పట్టకపోవడాన్ని జబ్బనాలా, కాపలా అనాలా? ఆ కాపలా మాన్పించి ఇంటికి పంపిస్తే మేలు చేసినట్టా, కీడు చేసినట్టా? కొంతమంది థెరపిస్టులు ఈ ప్రశ్న దగ్గరే గది దాటి బయటికొస్తారు. స్త్రీల మీద, ఆడపిల్లల మీద హింస ఆగాలని ప్రచారం చేస్తారు, చట్టం మార్చమని కమిటీల ముందు కూర్చుంటారు, పోలీసులకీ జడ్జీలకీ శిక్షణ ఇస్తారు, ఆ హింసకి వ్యతిరేక దినమైన నవంబర్ 25 వచ్చిందంటే ప్లకార్డు పట్టుకుని రోడ్డు మీద కనపడతారు. వెంటనే పక్కనుంచి ఒక ప్రశ్న వస్తుంది: "థెరపిస్టంటే తటస్థంగా ఉండాలి కదండీ, మీరు ఒక పక్షం ఎలా తీసుకుంటారు?"

చూడ్డానికి సబబైన ప్రశ్నే. కానీ ఈ విషయంలో థెరపీ ఏనాడైనా తటస్థంగా ఉందా అని చరిత్ర తిరగేస్తే, లేదు.

1896 ఏప్రిల్‌లో సిగ్మండ్ ఫ్రాయిడ్ వియన్నాలో తోటి డాక్టర్ల ముందు ఒక ప్రసంగం చేశాడు. 18 మంది రోగుల్ని చూశానని, వాళ్లలో తను చూసిన 'హిస్టీరియా' మూలం చిన్నతనంలో జరిగిన లైంగిక దాడి అని చెప్పాడు. ఏడాదిన్నర తిరక్కుండానే, 1897 సెప్టెంబర్లో స్నేహితుడు విల్హెల్మ్ ఫ్లీస్‌కి ఉత్తరం రాస్తూ ఆ సిద్ధాంతం మీద నమ్మకం పోయిందన్నాడు. చెప్పిన కారణాల్లో ఒకటి: అంతమంది తండ్రులు అలాంటివాళ్లయ్యుంటారని నమ్మడం కష్టం. తర్వాతి రోజుల్లో బరువంతా రోగి కోరికల మీదికి, ఊహల మీదికి జరిగింది. ఫ్రాయిడ్ ఎందుకు వెనక్కి తగ్గాడన్నది చరిత్రకారులు ఇప్పటికీ కొట్టుకునే విషయం, దాన్లోకి నేను వెళ్లను. జరిగిన నష్టం మాత్రం ఎదురుగానే ఉంది. "నాకిలా జరిగింది" అని చెప్పిన మనిషిని "నీకలా ఎందుకు అనిపిస్తోంది?" అని తిరిగి అడగడం చాలాకాలం వృత్తి మర్యాదగా చెలామణి అయింది.

1964కొచ్చినా పరిస్థితి పెద్దగా మారలేదు. భార్యల్ని కొట్టిన కేసుల్లోని కుటుంబాల్ని చూసిన అమెరికన్ సైకియాట్రిస్టులు ముగ్గురు పేరున్న జర్నల్లో ఒక వ్యాసం రాశారు, అందులో విశ్లేషణంతా కొట్టినవాడి మీద కాకుండా భార్య స్వభావం మీద నడుస్తుంది: ఆవిడ పెత్తనం చేసే రకమట, లోపల్లోపల ఆ బాధే ఆవిడకి ఏదో అవసరం తీరుస్తోందట. 1987లో కూడా అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ తన రోగ నిర్ధారణ పుస్తకం అనుబంధంలో 'తనని తాను ఓడించుకునే వ్యక్తిత్వం' అనే పేరుతో ఒక రుగ్మతని చేర్చింది. దెబ్బలు తింటున్న ఆడవాళ్ల మెడలో వెళ్లి పడే బోర్డు ఇది అని ఫెమినిస్టు మనస్తత్వవేత్తలు గట్టిగా గొడవ చేశారు. 1994 ఎడిషన్‌కొచ్చేసరికి అది మాయమైంది.

ఇంకోవైపు చూడండి. 1970ల్లో ఆడవాళ్లు చిన్న చిన్న బృందాలుగా కూర్చుని తమకి జరిగింది ఒకరికొకరు చెప్పుకోవడం మొదలుపెట్టారు. షెల్టర్లు, రేప్ క్రైసిస్ సెంటర్లు పుట్టాయి. అదే రోజుల్లో ఆన్ బర్జెస్ అనే నర్సు, లిండా హోమ్‌స్ట్రోమ్ అనే సామాజిక శాస్త్రవేత్త బోస్టన్ సిటీ హాస్పిటల్ ఎమర్జెన్సీకి వచ్చే అత్యాచార బాధితుల్ని వేళాపాళా లేకుండా వెళ్లి కలిసి, వాళ్లలో కనపడే లక్షణాల్ని 1974లో ప్రచురించారు. పీడకలలు, ఉలికిపాటు, జరిగింది కళ్లముందు మళ్లీ మళ్లీ ఆడటం. వియత్నాం నుంచి తిరిగొచ్చిన సైనికుల్లోనూ ఇవే. ఆ సైనికులు, వాళ్లకి తోడు నిలిచిన డాక్టర్లు పోరాడితేనే 1980లో ఈ లక్షణాలకి పీటీఎస్‌డీ అనే పేరు అధికారికంగా పుస్తకంలోకెక్కింది. యుద్ధం నుంచొచ్చిన మగవాడికీ, ఇంట్లోనే యుద్ధం చూసిన ఆడదానికీ తగిలిన గాయం ఒకే జాతిదని 1992లో జూడిత్ హెర్మన్ అనే సైకియాట్రిస్టు వివరంగా రాసింది. ఒకసారి జరిగి అయిపోయిన దెబ్బ వేరు, ఏళ్ల తరబడి తప్పించుకోలేని చోట తిన్న దెబ్బ వేరు, రెండోదానికి వేరే పేరు కావాలని కూడా అంది. ఆ రెండోదాన్ని 'కాంప్లెక్స్ పీటీఎస్‌డీ' పేరుతో ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణలోకి తీసుకుంది, అది అమల్లోకొచ్చింది 2022లో. ముప్ఫయ్యేళ్లు!

కాబట్టి థెరపీ అంటే శుద్ధ శాస్త్రం, ప్రచారమంటే రాజకీయం అని గీత గీసి చూపించేవాళ్లకి నేను చెప్పేదొకటే. ట్రామా గురించి, అంటే మనసుకి తగిలే ఇలాంటి గాయాల గురించి, ఇవాళ థెరపిస్టుకి తెలిసినదాన్లో పెద్ద భాగం రోడ్డు మీద గొడవ చేసినవాళ్ల దగ్గర్నుంచి వచ్చిందే. ఆ రోడ్డుకి వెళ్లిన థెరపిస్టు హద్దు దాటినట్టు కాదు, పుట్టింటికి వెళ్లినట్టు.

సరే, వెళ్లి అక్కడ చేసేదేంటి? నినాదాలివ్వడానికి వేరేవాళ్లున్నారు. థెరపిస్టు మాత్రమే పట్టుకెళ్లగలిగిన సరుకు ఒకటుంది: బాధితురాలి ప్రవర్తన జనానికి ఎక్కడెక్కడ 'తేడాగా' కనపడుతుందో, అలా ఎందుకుంటుందో వివరించడం.

"ఎందుకు అరవలేదు?" అన్నది కోర్టుల్లో అరిగిపోయిన ప్రశ్న. ప్రమాదం వచ్చినప్పుడు మనిషి ఎదురు తిరుగుతాడు, లేదా పరిగెడతాడు అని చిన్నప్పుడు చదువుకున్నాం. మూడోది కూడా ఉంది, రెండూ కుదరవని శరీరానికి అర్థమైన క్షణంలో అది బిగుసుకుపోతుంది. నోరు పెగలదు, చెయ్యి లేవదు. మెదడులో పాతకాలపు భాగం తీసుకునే నిర్ణయం అది, మనల్ని అడిగి తీసుకోదు. స్టాక్‌హోమ్‌లో అత్యాచార బాధితుల అత్యవసర క్లినిక్‌కి నెలలోపు వచ్చిన 298 మంది మహిళల్ని అడిగితే, 70 శాతం మంది చెప్పుకోదగ్గ స్థాయిలో, 48 శాతం మంది తీవ్రంగా ఇలా బిగుసుకుపోయామన్నారని 2017లో ఒక అధ్యయనం వచ్చింది. అంటే అరవడం, పెనుగులాడటమే మామూలు అని మనం పెట్టుకున్న లెక్కే తప్పు. అలా బిగుసుకుపోయినవాళ్లకి తర్వాత డిప్రెషన్, పీటీఎస్‌డీ వచ్చే అవకాశం కూడా ఎక్కువని అదే అధ్యయనం చెప్పింది, "నేనేం చెయ్యలేకపోయానే" అన్న సిగ్గు ఎంత లోతుకి దిగుతుందో ఏ థెరపిస్టుని అడిగినా చెప్తారు.

జ్ఞాపకం సంగతీ అంతే. తను వేసుకున్న చొక్కా గుండీ రంగు గుర్తుంటుంది, ఏ గది ముందో ఏది తర్వాతో గుర్తుండదు. వాసన గుర్తుంటుంది, టైము గుర్తుండదు. క్రాస్ ఎగ్జామినేషన్‌లో లాయరు పట్టుకునేది ఆ టైమునే. పైగా కొందరు ఇదంతా చెప్తూ ఏడవరు. పక్కింటివాళ్లకి జరిగింది చెప్తున్నట్టు, వార్తలు చదువుతున్నట్టు చెప్తారు. వినేవాళ్లకి అది అబద్ధంలా అనిపిస్తుంది. థెరపిస్టుకి మాత్రం ఆ చదునైన గొంతే దెబ్బ ఎంత పెద్దదో చెప్తుంది.

ఇక అన్నిటికన్నా మొండి ప్రశ్న: "వదిలేసి రావచ్చు కదా?" నేనూ ఒకప్పుడు అడిగిన ప్రశ్నే ఇది, అదీ అడక్కూడని మనిషిని, అడక్కూడని రోజున. ఆవిడ నావైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

దీనికి రెండు ముక్కల్లో జవాబు లేదు. డబ్బు లేకపోవడం, పిల్లలు, ఎక్కడికెళ్లాలో తెలియకపోవడం అందరికీ తెలిసినవే. మనసులో జరిగేది ఇంకొకటుంది. 1981లో డటన్, పెయింటర్ అనే కెనడా మనస్తత్వవేత్తలు దాన్ని ట్రామాటిక్ బాండింగ్ అన్నారు. ఒకే మనిషి కొడతాడు, అదే మనిషి దగ్గరికి తీసుకుని ఓదారుస్తాడు, ఎప్పుడేది వస్తుందో తెలియదు. ఎప్పుడూ చెడ్డగా ఉండేవాడి మీద ఆశ చచ్చిపోతుంది, అప్పుడప్పుడూ మంచిగా ఉండేవాడి మీద చావదు. జూదం ఆడేవాణ్ని ఆట దగ్గర కట్టిపడేసేది కూడా ఈ 'అప్పుడప్పుడూ'నే, ఎప్పుడూ ఓడిపోయే ఆట ఎవడూ ఆడడు. దీన్ని ప్రేమ అనలేం, పిచ్చి అనీ అనలేం.

ఆపైన ఇంకో నిజం. వదిలి వెళ్లే రోజులు, వెళ్లిన కొత్తలో నెలలు, చాలా కేసుల్లో అవే ప్రాణం మీదికొచ్చే రోజులు. జాక్వెలిన్ క్యాంప్‌బెల్ అనే నర్సింగ్ పరిశోధకురాలు 1980ల మధ్యలో ప్రమాదాన్ని అంచనా వేసే ప్రశ్నల పట్టీ ఒకటి తయారుచేసింది. ఇంట్లో తుపాకీ ఉందా, చంపుతానన్నాడా, ఎప్పుడైనా గొంతు నులిమాడా... గొంతు దగ్గర ఆగండి ఒక్క నిమిషం. భాగస్వామి చేతిలో ఒకసారి గొంతు నులిమించుకుని బతికిన మహిళకి, తర్వాత అతని చేతిలోనే హత్యకు గురయ్యే ప్రమాదం, అలా నులమని కేసుల్లోని బాధితురాళ్లకన్నా ఏడు రెట్లకు పైగా ఉంటుందని 2008లో వచ్చిన పరిశోధన చెప్తోంది. పైగా నులిమిన చోట చాలాసార్లు బయటికి మచ్చ కూడా కనపడదు. అందుకే బాధితురాలు "ఓసారి మెడ పట్టుకున్నాడంతే" అని మాటల్లో మాటగా అనేసినప్పుడు తెలిసిన థెరపిస్టు పెన్ను అక్కడ ఆగుతుంది. తెలియని థెరపిస్టు తర్వాతి ప్రశ్నకి వెళ్లిపోతుంది. గొంతు నులమడాన్ని ప్రత్యేక నేరంగా చూడాలన్న ఉద్యమం ఫలితంగా ఇంగ్లండ్, వేల్స్‌లో 2021 చట్టం దాన్ని విడిగా చేర్చింది.

మళ్లీ మన ఫోన్ దగ్గరికి వద్దాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన లెక్క ప్రకారం దాదాపు 73 కోట్ల 60 లక్షల మంది మహిళలు, అంటే పదిహేనేళ్లు దాటినవాళ్లలో ప్రతి ముగ్గురిలో ఒకరు, జీవితంలో ఒక్కసారైనా భాగస్వామి చేతిలో శారీరక, లైంగిక హింసనో, వేరేవాళ్ల చేతిలో లైంగిక హింసనో ఎదుర్కొన్నారు. 2023లో భాగస్వాములు, కుటుంబసభ్యుల చేతుల్లో చనిపోయిన స్త్రీలు, ఆడపిల్లలు దాదాపు 51,100 మంది అని ఐక్యరాజ్యసమితి అంచనా, రోజుకి 140 మంది. ఇంత పెద్ద లెక్కల్లో కూడా గడియారం ఫోటో అడిగించుకున్న ఆవిడ లేదు. ఆ ముగ్గురిలో ఒకరు అన్న లెక్కలోకి మానసిక హింస రాదు.

దీనికి ఇవాన్ స్టార్క్ అనే సామాజిక శాస్త్రవేత్త 2007లో చేసిన వాదన పెద్ద మలుపు. దెబ్బల్ని ఒక్కొక్కటిగా లెక్కపెట్టడం ఆపి మొత్తం అల్లిక చూడండి అన్నాడు. ఎవరితో మాట్లాడాలి, ఏం కట్టుకోవాలి, ఎంత ఖర్చు పెట్టాలి, బాత్రూములో ఎంతసేపుండాలి, అన్నీ ఒకడే నిర్ణయిస్తుంటే ఆ అదుపు స్వేచ్ఛ మీద జరిగే నేరం, బందీగా పట్టుకోవడానికి దగ్గరి చుట్టం. ఇంగ్లండ్, వేల్స్‌లో 2015 నుంచి ఇది నేరం, అయిదేళ్ల దాకా జైలు. స్కాట్లాండ్ 2018 చట్టంలో గరిష్ఠ శిక్ష పద్నాలుగేళ్లు. మన దేశంలో 2005 గృహహింస చట్టం మాటలతో హింసించడాన్నీ, డబ్బు అందకుండా చెయ్యడాన్నీ అప్పట్లోనే హింస కింద లెక్కేసింది, కాకపోతే అది ప్రధానంగా రక్షణ ఇచ్చే సివిల్ చట్టం, దారి వేరు.

ఇక్కడ థెరపిస్టులు తమవాళ్ల మీద కూడా గొడవ చెయ్యాల్సొస్తుంది, నాకు చాలా నచ్చే భాగం ఇదే. ఇలాంటి జంట "మా మధ్య కమ్యూనికేషన్ సరిగ్గా లేదండీ" అని కలిసి కౌన్సెలింగ్‌కి వస్తుంది. ఆయన ప్రశాంతంగా, నవ్వుతూ, ఆవిడ గురించి బెంగపడుతూ మాట్లాడతాడు. ఆవిడ చిరాగ్గా, తడబడుతూ, మధ్యలో ఏడుస్తూ ఉంటుంది. ఇద్దర్నీ సమానంగా వినాలన్న నియమంతో కూర్చున్న థెరపిస్టు "ఇందులో మీ వాటా ఏంటి?" అని ఆవిడని అడుగుతుంది. ఆవిడ నిజం చెప్తే దానికి ఇంటికెళ్లాక లెక్క తేలుతుంది. చెప్పకపోతే, చూశారా సమస్య ఆవిడతోనే అన్నది థెరపిస్టు సాక్షిగా ఖాయమవుతుంది. కాదనడం, ఎదురుదాడి చెయ్యడం, బాధితుణ్ని నేనే అనడం, ఈ మూడడుగుల ఆటకి జెన్నిఫర్ ఫ్రైడ్ అనే మనస్తత్వవేత్త 1997లో ఇంగ్లీషు మొదటి అక్షరాలు కలిపి డార్వో అని పేరు పెట్టింది. జంట కౌన్సెలింగ్ గదిలో అది ఎంత సాఫీగా ఆడొచ్చో తెలిశాక, హింస నడుస్తున్నంతకాలం ఇద్దర్నీ కలిపి కూర్చోపెట్టొద్దని చెప్పడం మొదలైంది. స్త్రీల మీద హింసని ఆపడానికి యూరప్ దేశాలు చేసుకున్న 2011 నాటి ఇస్తాంబుల్ ఒప్పందం కూడా ఇలాంటి కేసుల్లో రాజీ, మధ్యవర్తిత్వం తప్పనిసరి చెయ్యకూడదంటుంది. గదిలో తటస్థత నిజంగా సమస్యయ్యేది ఇక్కడే: ఒకరి కాలు ఇంకొకరి మెడ మీద ఉన్నప్పుడు సరిగ్గా మధ్యలో కూర్చున్నవాళ్లు కాలివైపు ఉన్నట్టే.

మరి కొట్టేవాడి సంగతి? "వాడూ చిన్నప్పుడు దెబ్బలు తిన్నాడు, వాడికీ ట్రామా ఉంది" అంటారు. ఉండొచ్చు. అలాంటి బాల్యం ఉన్నవాళ్లలో ఎక్కువమంది ఎవర్నీ కొట్టకుండానే బతుకుతారు కూడా. కోపం ఆపుకోలేకపోతున్నాడని కోపం తగ్గించే క్లాసులకి పంపుతుంటారు, అదే మనిషి ఆఫీసులో బాస్ ఎంత తిట్టినా నోరెత్తడు, పోలీసు తలుపు కొట్టగానే గొంతు మార్చేస్తాడు. అంటే కోపం మీద అదుపు భేషుగ్గా ఉంది. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రం డులూత్ పట్టణంలో 1980ల మొదట్లో దెబ్బలు తిన్న ఆడవాళ్ల బృందాలు చెప్పినవాటిని చక్రంలా గీస్తే, దాని ఇరుసు దగ్గర వచ్చి కూర్చున్న మాటలు అధికారం, అదుపు. ఆ చక్రం ఆధారంగా మగవాళ్ల కోసం పెట్టిన కార్యక్రమాలు ఎంతవరకు పనిచేస్తాయన్నదాని మీద ఫలితాలు మిశ్రమంగానే ఉన్నాయి, ప్రచారం చేసేవాళ్లు కూడా ఆ మాట దాచకూడదనే నా అభిప్రాయం.

ఆడపిల్లల విషయంలో చిక్కు ఇంకోరకం. పెద్దవాళ్లలాగా వచ్చి కూర్చుని చెప్పరు. కడుపునొప్పి అంటారు, బడికి వెళ్లనంటారు, ఒకరి పేరు చెప్పగానే ఆట ఆపేస్తారు. చెప్పాలనుకున్నా ముందు చిన్న ముక్క వదిలి మన మొహం చూస్తారు. మొహంలో షాకు కనపడిందా, మిగతాది లోపలికెళ్లిపోతుంది, కొన్నిసార్లు ఇరవయ్యేళ్లు అక్కడే ఉంటుంది. పిల్లల మీద లైంగిక నేరాలకి ఫిర్యాదు గడువులు ఎత్తెయ్యాలని చాలా దేశాల్లో థెరపిస్టులు పట్టుబట్టడానికి కారణం ఈ ఆలస్యం వాళ్లకి రోజూ కనపడటమే.

ఇంతా చెప్పాక, గది దాటిన థెరపిస్టుకి ప్రమాదాలు లేవనను. "వదిలెయ్, కేసు పెట్టు" అని క్లయింటుని తొందరపెడితే, ఇన్నాళ్లూ ఒకడు ఆవిడ తరఫున నిర్ణయాలు తీసుకున్నాడు, ఇప్పుడు ఇంకొకరు తీసుకున్నట్టవుతుంది. ఆవిడ వేళకి ఆవిడ కదలాలి, అందాకా ప్రమాదం తగ్గించే ఏర్పాట్లు చూడాలి: కాగితాలు ఎక్కడ దాచాలి, ఏ నంబరు బట్టీ పట్టాలి, ఏ మాట మెసేజ్ పెడితే స్నేహితురాలు పోలీసుల్ని పిలవాలి. పైగా వేదిక మీద థెరపిస్టు చెప్పే కథ తనదేనేమోనని క్లయింటుకి ఒక్క క్షణం అనిపించినా నమ్మకం పోయినట్టే, పేరు మార్చినా, ఊరు మార్చినా. అందుకే మొదట్లో ఆ మనిషిని కల్పించాను.

రహస్యం ఇంకో చోట కూడా బద్దలవుతుంది, కోర్టులో. లైంగిక దాడి కేసుల్లో ముద్దాయి తరఫు లాయర్లు బాధితురాలి థెరపీ నోట్సు తెప్పించమని అడుగుతారు. "నాదే తప్పేమో అనిపిస్తోంది" అని ఆవిడ ఎప్పుడో ఏడుస్తూ అన్న వాక్యం అక్కడ ఒప్పుకోలులా వినపడుతుంది. కెనడాలో దీని మీద పెద్ద పోరాటమే జరిగింది. 1997లో ఆ రికార్డులు అందకుండా పరిమితులు పెడుతూ చట్టం తెచ్చారు, 1999లో సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. అన్ని చోట్లా ఆ రక్షణ లేదు, లేని చోట థెరపిస్టు కలం పట్టుకున్నప్పుడల్లా రెండు రకాలుగా ఆలోచించాలి. ఎందుకంటే అదుపు చెయ్యడమనే నేరం ఒక్కరోజు సంఘటన మీద రుజువు కాదు, నెలల తరబడి జరిగిన తీరు మీద రుజువవుతుంది, అప్పుడు తేదీలు వేసి రాసిన నోట్సే ఆవిడకి దక్కే సాక్ష్యం కూడా కావచ్చు.

గంట అయిపోయింది. ఆవిడ ఫోన్ చూసుకుంటూ గబగబా వెళ్లిపోయింది. థెరపిస్టు నోట్సు తెరిచి 'నిద్రలేమి' అని రాసింది, కాసేపు ఆగింది. దాని కింద తేదీ వేసి రాసింది: 'సెషన్‌లో తొమ్మిది మెసేజ్‌లు. గడియారం ఫోటో అడిగారు, పంపింది.'